ఒక తీర్పు, మూడు చిరునామాలు
కేశవానంద భారతి కేసు పేరు లా చదవనివారికీ తెలుసు. 1973 ఏప్రిల్ 24న సుప్రీంకోర్టులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 7–6 తేడాతో ఇచ్చిన తీర్పు అది. కాసరగోడు దగ్గరి ఎడనీరు మఠాధిపతి వేసిన 1970 నాటి 135వ నంబరు రిట్‌తో పాటు, 1972లో దాఖలైన మరికొన్ని రిట్లనూ కలిపి విన్నారు. తీర్పుల సూచికలోకి ఎక్కింది మాత్రం మొదటి పేరే.

పేరుతో వెతకడంలో చిక్కేమిటంటే, ముందుండేది కోర్టుకెక్కినవారి పేరు. కింద ఓడిన ప్రభుత్వం అప్పీలుకు వెళితే వరస తిరగబడుతుంది. ‘స్టేట్ ఆఫ్’ అని మొదలయ్యే కేసులు సూచికల్లో పేజీల కొద్దీ ఉంటాయి. అలాంటప్పుడు అవతలి మనిషి పేరుతో వెతకడమే మేలు.

పేరు పక్కనుండే అంకెలే అసలు దారి చూపేవి. ‘ఏఐఆర్ 1973 ఎస్సీ 1461’ అంటే ఆల్ ఇండియా రిపోర్టర్‌లో, 1973 సుప్రీంకోర్టు భాగంలో, 1461వ పేజీ. ‘(1973) 4 ఎస్సీసీ 225’ అంటే సుప్రీంకోర్ట్ కేసెస్ ఆ ఏటి 4వ సంపుటం, 225వ పేజీ. కోర్టు అధికారిక సంకలనమైన ఎస్సీఆర్‌లో అదే తీర్పు 1973 అనుబంధ సంపుటం 1వ పేజీలో మొదలవుతుంది. మూడూ ఒకే తీర్పు. వీటిలో మొదటి రెండూ ప్రైవేటు ప్రచురణకర్తల పుస్తకాల పేజీలు. ప్రజల డబ్బుతో నడిచే కోర్టు చెప్పిన మాటను చేరుకోవడానికి, కొనుక్కోవలసిన పుస్తకంలోని పేజీ నంబరే ఆధారం కావడం నాకు ఎప్పుడూ అన్యాయంగానే తోచింది.

2023లో సుప్రీంకోర్టు ఆ లోటు తీర్చే పని మొదలుపెట్టింది. ఎస్సీఆర్ తీర్పులను జనవరిలో ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. ఫిబ్రవరిలో తన సొంత నంబర్ల పద్ధతిని ప్రకటించింది. ‘2023 ఐఎన్ఎస్సీ 1’లో మూడే భాగాలు: ఏడాది, కోర్టు, వరస సంఖ్య. పేజీ లేదు కాబట్టి, ఫలానా వాక్యం ఎక్కడుందో చెప్పాలంటే పేరా నంబరు ఇస్తే చాలు.

తీర్పు రాకముందు, జిల్లా కోర్టులో నడుస్తున్న కేసుకు సీఎన్ఆర్ అనే నంబరు ఉంటుంది. 16 స్థానాలు: రాష్ట్రానికి 2, జిల్లాకు 2, కోర్టుకు 2, కేసు సంఖ్యకు 6, ఏడాదికి 4. వాయిదా ఎప్పుడో తెలుసుకోవాలనుకునే కక్షిదారు వకీలు దగ్గర ముందుగా అడిగి రాసుకోవలసినది ఇదే.

కొన్ని కేసుల్లో పేరు అసలు ఉండకూడదు. అత్యాచార బాధితుల పేర్లు బయటపెట్టరాదని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అలాంటి తీర్పులు ‘ఎక్స్’ వంటి అక్షరంతో సూచికకెక్కుతాయి. ఒకే పేరుతో ఎన్నో కేసులు పోగవుతాయి. అక్కడ ఒకదాన్నుంచి మరొకదాన్ని వేరు చేసేది నంబరొక్కటే.