మీకు తెలుసా? జానెడు ఎరకు చిక్కే చేప

మన ఊళ్లలో గాలం వేసేవారి దగ్గర వానపామో పిండి ముద్దో ఉంటుంది. చిన్న ఎరతో పెద్ద చేపను పట్టడమే నేర్పు అన్నది మనకు తెలిసిన లెక్క. అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా జలాశయాల మీద లెక్క వేరు. అక్కడ కొందరు జానెడు పొడవు, నూరు గ్రాములకు పైగా బరువు ఉన్న రబ్బరు చేపను నీళ్లలోకి విసురుతారు. ఆ ఎర పేరు స్విమ్‌బెయిట్. వాళ్లు కోరుకునేది లార్జ్‌మౌత్ బాస్. ఇంత పెద్ద ఎర వెనక చేప శరీర ధర్మం ఉంది, మనుషులు తీసుకున్న నిర్ణయాల చరిత్ర కూడా ఉంది.

పేరుకు బాస్, పుట్టుకకు సన్‌ఫిష్

సముద్రంలో దొరికే బాస్‌లకూ దీనికీ దగ్గరి చుట్టరికం లేదు. ఇది మంచినీటి సన్‌ఫిష్ కుటుంబానికి చెందింది. సొంత ఇల్లు ఉత్తర అమెరికా తూర్పు సగం. నోటి కొస కంటిని దాటి వెనక్కి సాగి ఉండటం దీని గుర్తు. ఫ్లోరిడాలో ఉండే బాస్‌ను చాలాకాలం దీనిలోనే ఒక రకంగా చూశారు. అది వేరే జాతేనని 2022లో జన్యు పరిశోధకులు తేల్చారు. వెచ్చని నీళ్లలో ఈ ఫ్లోరిడా బాస్ తన ఉత్తరాది బంధువు కంటే బాగా పెద్దదవుతుంది. ఈ కథంతా నడిచేది ఆ ఒక్క గుణం మీదే.

మింగే బలం ఒంట్లో ఉంది

బాస్ తన వేటను పళ్లతో చీల్చదు. గభాలున నోరు తెరిచి నీటితో పాటు లోపలికి పీల్చేస్తుంది. అంత బలం తలలోని చిన్న కండరాలకు ఎక్కడిది? అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఎక్స్‌రే వీడియోలతో ఈ సంగతి పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించారు. బలంగా పీల్చేటప్పుడు 95 శాతానికి పైగా శక్తి ఈదడానికి వాడే ఒంటి కండరాల నుంచే వస్తోందని తేలింది. అంటే తల నుంచి తోక వైపు సాగిన కండంతా మింగడానికీ పనికొస్తుందన్నమాట. ఒళ్లు పెరిగేకొద్దీ పీల్చే బలమూ పెరుగుతుంది, నోరూ పెద్దదవుతుంది. జానెడు చేప పెద్ద బాస్‌కు ఒక్క గుటక.

పది చిన్నవాటి కంటే ఒక్క పెద్దది

బాస్ గంటల తరబడి తరుముతూ వేటాడే చేప కాదు. నాచు పక్కనో, మునిగిన చెట్టు నీడనో, రాతి అంచునో పొంచి ఉంటుంది. ప్రతి దాడికీ శక్తి ఖర్చవుతుంది. చిన్న చేపల వెంట పదిసార్లు దూకడం కంటే పెద్ద చేపను ఒక్కసారి పట్టుకోవడం లాభం. చిన్న ఎరకు పెద్ద బాస్ అసలు పడదని కాదు. అయితే చిన్న ఎరను ముందుగా అందుకునేవి చుట్టూ గుంపుగా ఉండే చిన్న బాస్‌లే. పెద్ద ఎర వేస్తే వాటిలో చాలావరకు పక్కకు తప్పుకుంటాయి. అందుకే స్విమ్‌బెయిట్ వేసేవారు రోజంతా ఒక్క చేపా పడకపోయినా ఎర మార్చరు.

ట్రౌట్ లారీ తెచ్చిన మార్పు

కాలిఫోర్నియా బాస్‌కు సొంత నేల కాదు. 1959లో శాన్ డియేగో దగ్గరి అప్పర్ ఓటే జలాశయంలో ఫ్లోరిడా బాస్‌ను తెచ్చి వదిలారు. అక్కడి నుంచి చుట్టుపక్కల జలాశయాలకు పంచారు. చలికాలంలో చేపలు పట్టేవారి కోసం అదే నీళ్లలో హేచరీలో పెంచిన రెయిన్‌బో ట్రౌట్‌ను లారీలతో తెచ్చి పోసేవారు. తొట్లలో పెరిగిన ట్రౌట్‌కు శత్రువంటే ఏమిటో తెలియదు. పైగా దానిది కొవ్వు పట్టిన ఒళ్లు. మనుషుల కోసం తెచ్చిన ఆ చేపలు బాస్‌కు విందయ్యాయి. 1973లో మిరమార్ జలాశయంలో 20 పౌండ్ల 15 ఔన్సుల బాస్ పడింది. 1980లో కసీటస్ సరస్సులో 21 పౌండ్ల 3 ఔన్సులది, 1991లో కస్టేక్ సరస్సులో 22 పౌండ్లు దాటినది దొరికాయి. బాస్ తినేది ట్రౌట్ అయినప్పుడు ఎర కూడా ట్రౌట్‌లాగే ఉండాలన్న ఆలోచన ఈ నీళ్ల దగ్గరే బలపడింది.

కొయ్య నుంచి మెత్తటి రబ్బరు దాకా

తొలితరం పెద్ద ఎరల్లో పేరు మోసింది అలన్ కోల్ చెక్కతో చేసిన ఏ.సీ. ప్లగ్. ఆ తర్వాత కెన్ హడిల్‌స్టన్ మెత్తటి ప్లాస్టిక్‌తో ట్రౌట్ బొమ్మలు చేశాడు. ఒంటి మీది మచ్చలు, రెక్కలు, తోక ఊపు అన్నీ అసలు చేపలాగే ఉంటాయి. ఎనిమిది అంగుళాల హడిల్‌స్టన్ ట్రౌట్ మీద ఒక అంకె ఉంటుంది. 10 సెకన్లలో అది సుమారుగా ఎన్ని అడుగులు మునుగుతుందో ఆ అంకె చెబుతుంది. 5 అని ఉంటే 5 అడుగులు, 12 అని ఉంటే 12 అడుగులు. బాస్ ఏ లోతులో ఉందో చూసుకుని దానికి తగ్గ ఎరను ఎంచుకుంటారు.

జపాన్ తయారీదారులది మరో దారి. గాన్‌క్రాఫ్ట్ సంస్థ చేసిన జాయింటెడ్ క్లా లాంటి గట్టి ఎరలకు మధ్యలో ఒక కీలు ఉంటుంది. రీల్‌ను నెమ్మదిగా తిప్పితే ఎర కుడికీ ఎడమకీ జారుతూ మెలికలు తిరిగి వస్తుంది. ఈ బరువును విసరడానికి మామూలు గాలపు కర్ర చాలదు. ఎనిమిది అడుగుల దృఢమైన కర్ర, 20 పౌండ్లకు పైగా తట్టుకునే దారం కావాలి.

పోటీలోనూ నెగ్గిన ఎర

పెద్ద ఎర ఒంటరి వేటగాళ్ల పట్టుదలకే తప్ప పోటీలకు పనికిరాదనే మాట ఒకప్పుడు ఉండేది. పోటీలో రోజుకు 5 చేపల బరువు లెక్కలోకి వస్తుంది కాబట్టి ఖాళీ చేతులతో తిరిగి రావడం ఎవరికీ ఇష్టం ఉండదు. 2007 మార్చిలో కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్‌లో జరిగిన బాస్‌మాస్టర్ పోటీలో స్టీవ్ కెనడీ స్విమ్‌బెయిట్‌నే నమ్ముకున్నాడు. నాలుగు రోజుల్లో 122 పౌండ్ల 14 ఔన్సులు తూచాడు. అంటే చేపకు సగటున 6 పౌండ్లకు పైమాటే.

రంగు కంటే రూపం, కదలిక

ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధన ప్రకారం బాస్ కంట్లో రంగును గుర్తించే కణాలు రెండు రకాలే. ఒకటి ఎరుపు వైపు, మరొకటి ఆకుపచ్చ వైపు స్పందిస్తుంది. ఎరుపును అది బాగా గుర్తుపడుతుంది. నలుపునూ నీలాన్నీ, తెలుపునూ మెరిసే పసుపుపచ్చనూ మాత్రం వేరు చేయలేక తడబడుతుంది. కంటికి తోడు ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది. నీటిలో కదలికలను అది పసిగడుతుంది. పెద్ద ఎర నీటిని ఎక్కువగా కదిలిస్తుంది కాబట్టి మసక వెలుతురులోనూ బాస్‌కు తెలిసిపోతుంది. తేటనీళ్లలో కథ వేరు. పెద్ద బాస్ ఎర వెనకాలే పడవ దాకా వచ్చి, చూసి, వెనక్కి వెళ్లిపోతుంది. అలా వెళ్లిపోయినా అది ఎక్కడ ఉంటుందో తెలిసింది కాబట్టి అనుభవం ఉన్నవారు మరుసటి రోజు అదే చోటికి వస్తారు.

రెండు దేశాలు, ఒకే రికార్డు

1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలోని మాంట్‌గోమరీ లేక్‌లో జార్జ్ పెర్రీ అనే యువకుడు 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్‌ను పట్టాడు. మన లెక్కలో 10 కిలోలకు కాస్త పైన. అవి ఆర్థిక మాంద్యం రోజులు. చేపను తూయించాక ఇంటికి తీసుకెళ్లి వండుకున్నారు.

ఆ రికార్డు 77 ఏళ్లు నిలిచింది. 2009 జులై 2న జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటాకు 22 పౌండ్ల 4.97 ఔన్సుల బాస్ దొరికింది. దాదాపు ఒక ఔన్సు ఎక్కువే. కానీ ఆ బరువు చేపల్లో పాత రికార్డు చెరగాలంటే కనీసం 2 ఔన్సులు దాటాలన్నది అంతర్జాతీయ గాలం వేట సంఘం నియమం. అందుకే ఇద్దరినీ సమానంగా నిలిపారు. కురిటా వాడిన ఎర బతికున్న బ్లూగిల్ చేప.

లెక్కలోకి రాని 25 పౌండ్లు

2006 మార్చిలో కాలిఫోర్నియాలోని డిక్సన్ సరస్సులో మాక్ వీక్లీ పట్టిన బాస్ చేతి త్రాసు మీద 25 పౌండ్ల 1 ఔన్సు తూగింది. పెర్రీ రికార్డును సులువుగా దాటే బరువు. కానీ కొక్కెం నోట్లో కాక ఒంటికి గుచ్చుకుంది. చేపను తిరిగి నీళ్లలో వదిలేశారు. రికార్డు కోసం దరఖాస్తు కూడా చేయలేదు. మొప్ప కింద నల్ల మచ్చ ఉన్న ఆ చేపే 2003లో 21 పౌండ్ల 11 ఔన్సులతో మరొకరికి దొరికి, మళ్లీ నీళ్లలోకి చేరింది. అప్పుడు వదిలారు కాబట్టే తర్వాత అంత పెరిగింది.

పెద్దవి ఆడచేపలు, కాపలా మగచేపది

ఇంత బరువు తూగే బాస్‌లన్నీ ఆడవే. వసంతంలో నీళ్లు వెచ్చబడగానే మగచేప అడుగున గూడు చేస్తుంది. ఆడచేప గుడ్లు పెట్టి వెళ్లిపోతే గుడ్లనూ పిల్లలనూ కాసేది మగచేపే. మన చెరువుల్లోని కొరమీను కూడా పిల్లల గుంపును ఇలాగే కాపాడుకుంటుంది. ఆ రోజుల్లో కాపలా చేపను పట్టేస్తే పిల్లలు నిమిషాల్లో ఇతర చేపల పాలవుతాయి.

పట్టిన చేపను వదలడం అమెరికా పోటీల్లో ఆనవాయితీ కావడానికి కారకుడు బాస్ సంఘం స్థాపకుడు రే స్కాట్. 1972లో ఆయన దీన్ని ఉద్యమంగా మొదలుపెట్టాడు. టెక్సాస్ రాష్ట్రం 1986లో మరో అడుగు వేసింది. 13 పౌండ్లు, ఆపైన తూగే బాస్ దొరికితే ప్రభుత్వానికి అప్పుగా ఇవ్వండి, గుడ్లు పెట్టించి పిల్లలను జలాశయాల్లో వదులుతామంది. అలా అందిన మొదటి చేప లేక్ ఫోర్క్‌లో దొరికింది. బరువు 17.67 పౌండ్లు, పెట్టిన పేరు ఎథెల్.

పెద్ద చేపను వదిలేటప్పుడు పట్టుకునే తీరు కూడా ముఖ్యం. కింది దవడ పట్టి నిలువుగా వేలాడదీస్తే దాని బరువే దానికి చేటు. చేయి తడుపుకుని, రెండో చేతిని పొట్ట కింద పెట్టి అడ్డంగా ఎత్తాలి.

గాలానికి చిక్కే గుణమూ వారసత్వమే

ఇలినాయ్‌లోని రిడ్జ్ లేక్‌లో 1970ల్లో ఒక పరిశోధన మొదలైంది. ఏ బాస్ ఎన్నిసార్లు గాలానికి పడిందో రాసుకున్నారు. తరచూ పడేవాటి సంతానాన్నీ, పడనివాటి సంతానాన్నీ విడివిడిగా పెంచారు. తరాలు గడిచేకొద్దీ రెండు వర్గాల మధ్య తేడా పెరిగింది. దూకుడుగా ఎర పట్టే చేపలను మనం తినేస్తూ పోతే, మిగిలేవి ఎర ముట్టని చేపలే.

పరాయి నీళ్లలో ఇదే చేప ముప్పు

1925లో జపాన్‌లోని ఆషి సరస్సులో బాస్‌ను వదిలారు. తర్వాత అది దేశమంతా పాకి అక్కడి చిన్న చేపలను తినేసింది. కురిటా ఎరగా వాడిన బ్లూగిల్ కూడా అమెరికా నుంచి వచ్చిందే. 1960లో నాటి యువరాజు అకిహిటోకు షికాగో నగరం కానుకగా ఇచ్చింది. చక్రవర్తి అయ్యాక 2007లో ఆయన ఆ విషయమై బహిరంగంగా బాధపడ్డారు. ఇప్పుడు జపాన్‌లో బతికున్న బాస్‌ను పెంచడం, తరలించడం నేరం. బివా సరస్సులో పట్టిన బాస్‌ను తిరిగి నీళ్లలో వదలకూడదు.

గ్వాటెమాలాలోని అటిట్లాన్ సరస్సులో పర్యాటకుల కోసం 1950ల చివర బాస్‌ను వదిలారు. ఆ సరస్సులో తప్ప ఎక్కడా లేని, ఎగరలేని గ్రీబ్ పక్షికి తిండి కరువైంది. ఇతర కారణాలూ తోడై ఆ జాతి కొన్ని దశాబ్దాల్లోనే అంతరించింది. ప్రపంచంలో అత్యంత హానికర పరాయి జీవుల 100 పేర్ల జాబితాలో లార్జ్‌మౌత్ బాస్ ఉంది.

మన వాళ్లు అక్కడ గాలం వేస్తే

డల్లాస్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు లేక్ ఫోర్క్ రెండు గంటలలోపు ప్రయాణం. టెక్సాస్‌లో 17 ఏళ్లు, కాలిఫోర్నియాలో 16 ఏళ్లు నిండినవారికి సాధారణంగా చేపల వేట లైసెన్సు తప్పనిసరి. ఎన్ని పట్టవచ్చో, ఎంత పొడవున్నవి ఉంచుకోవచ్చో ఒక్కో సరస్సుకు ఒక్కో నియమం ఉంటుంది. బయల్దేరే ముందే చూసుకోవాలి. బాస్‌కు సొంతమైన నీళ్లలో ముసలి ఆడచేప దొరికితే ఫొటో తీసుకుని వదిలేయండి. ఎంత ముచ్చటేసినా ఒక చెరువు చేపను మరో చెరువులో మాత్రం వదలకండి.