పీపాలో పండే కిత్తనార

కౌడిపల్లి వైపు మండువల్లో కల్లు రుచి మరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు: లొట్టి దించిన పూటే దాని తీపి, పొద్దెక్కితే పులుపే. మెక్సికోలోనూ దీనికి తోబుట్టువుంది. పేరు పుల్కే. మన కిత్తనార జాతి మొక్క నడిమి మొవ్వును తొలిచి, ఊరిన రసాన్ని పూటపూటా తోడి పులియబెడతారు. అదీ నిలవుండదు.

అదే కుటుంబానికి చెందిన టెకీలా మాత్రం ఏళ్లకేళ్లు నిలుస్తుంది. పులిసిన రసాన్ని రెండుసార్లు కాచి, ఆవిరిని చల్లార్చి పట్టడమే కారణం.

అలా కాచి పట్టిన టెకీలా ఓక్ పీపాలో కనీసం 2 నెలలుంటే రెపొసాడో. ఏడాది దాటితే అన్యేహో. 3 ఏళ్లు దాటితే ఎక్స్‌ట్రా అన్యేహో. ఈ తరగతిని చేర్చింది 2006లోనే. అన్యేహో పీపా 600 లీటర్లకు మించకూడదు. పీపా ఎంత చిన్నదైతే చెక్క అంత బాగా ఒంటబడుతుంది. సీసాలోకి ఎక్కాక మాత్రం వయసు ఆగిపోతుంది. అటక మీద పదేళ్లు దాచినా రెపొసాడో అన్యేహో కాదు.

రంగు చూసి మోసపోకండి. కొద్దిపాటి క్యారమెల్ కలపడానికి అక్కడి నియమాలే ఒప్పుకుంటాయి. చూడాల్సింది ‘100% అగేవ్’ అన్న మాట; అగేవ్ అంటే కిత్తనారే. అది లేకపోతే 49% దాకా వేరే చక్కెరలు ఉండొచ్చు.

ఉప్పు, నిమ్మచెక్కతో గుటుక్కున మింగడం ముదురు టెకీలాకు అన్యాయం. ఐసు కూడా వద్దు, చలికి వాసన ముడుచుకుపోతుంది. మూతి సన్నగా ఉన్న గ్లాసులో కొద్దిగా పోసి తిప్పండి. ముక్కును మరీ లోపలికి పెడితే స్పిరిట్ ఘాటు తప్ప ఏదీ తెలియదు; కాస్త ఎడంగా, నోరు కొంచెం తెరిచి పీల్చండి. ముందు వెనీలా, పాకం తగులుతాయి. అవి పీపావి. వాటి వెనక, నిప్పుల్లో కాల్చిన గెనుసుగడ్డలాంటి తీపి వాసన ఒకటి ఉంటుంది. అది మొక్కది. మొదటి గుక్క నాలుకను సిద్ధం చేయడానికే, అసలు రుచి రెండో గుక్కలో. పీపా వాసన మొక్కను పూర్తిగా మింగేస్తే, ఎంత ఖరీదైనా అది మంచి అన్యేహో కాదని నా అభిప్రాయం.

మన దక్కను నేలల్లో, రైలు పట్టాల పక్కన కంచెగా పెరిగే కిత్తనార కూడా ఇలాంటి మద్యం కాచడానికి పనికొస్తుంది. డెస్మండ్ నజరెత్ అనే ఆయన చిత్తూరు జిల్లాలో బట్టీ పెట్టి, దక్కను కిత్తనారతో చేసిన సరుకును 2011లో ‘డెస్మండ్‌జీ’ పేరుతో మార్కెట్లోకి తెచ్చారు. తర్వాత ‘మాయా పిస్తోలా’ పేరుతో పీపాల్లో పండించిన దేశీ రకాలూ వచ్చాయి. అయితే వీటిని టెకీలా అనకూడదు. ఆ పేరు మెక్సికోలో హలిస్కోతో పాటు మరో నాలుగు రాష్ట్రాల్లోని నిర్ణీత ప్రాంతాల్లో, నీలి అగేవ్‌తో చేసినదానికే చెల్లుతుంది. అందుకే మన సీసాల మీద ‘అగేవ్ స్పిరిట్’ అని ఉంటుంది.