రాయి వెంట వచ్చిందెవరు?

ఉప్పునీటి అక్వేరియంలో పెట్టే ‘లైవ్ రాక్’ ఒంటరిగా రాదు. దాని సందుల్లో పురుగులు, పీతలు, నత్తలు దాక్కుని వస్తాయి. ఈ రంగంలో వీటిని హిచ్‌హైకర్స్ అంటారు. టికెట్ లేని ప్రయాణికులన్నమాట! మీరు జువాలజీ, ఫిషరీస్ విద్యార్థులైతే వీటిని గుర్తుపట్టడం నేర్చుకోండి. పబ్లిక్ అక్వేరియాల క్వారంటైన్ ట్యాంకుల దగ్గర రోజూ ఉండే పనే ఇది.

తొందరపడితే నష్టం ఎంతో చూడండి. ఐప్టేసియా అనే చిన్న సీ అనిమోన్ పక్కనున్న పగడాలను కుట్టి దెబ్బతీస్తుంది. కలుపు మొక్కలా గిల్లేశారనుకోండి, మిగిలిన ముక్కల నుంచి కొత్తవి పుట్టుకొస్తాయి. ఒళ్లంతా ముళ్లుండే బ్రిసిల్‌వర్మ్ కథ వేరు. చూడ్డానికి భయమేసినా చాలా రకాలు మిగిలిన మేత తిని ట్యాంకును శుభ్రం చేస్తాయి. పగడాలు తినేవి కొన్నే. ఏదైనా సరే, చేత్తో ముట్టుకోవద్దు. ముళ్లు దిగితే మంట!

పేరు వెతకడం ఆఖరి పని. ముందు లైట్లు ఆర్పి, ఎర్ర కాంతిలో చూడండి. చాలా జీవులు రాత్రే బయటికొస్తాయి. పీత కనిపిస్తే పట్టకారు కాళ్ల చివరలు గమనించండి. చెంచాలా ఉంటే నాచు గీరి తినే రకం కావచ్చు, మొనదేలి ఉంటే అనుమానించాలి. ‘టక్’మని చప్పుడొస్తే పిస్టల్ ష్రింప్ కావచ్చు, చేపల్ని వేటాడే మాంటిస్ ష్రింప్ కూడా కావచ్చు. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. ఫోన్ యాప్ చెప్పిన పేరును అలాగే రాసేయకుండా, ఉచితంగా దొరికే ‘వరల్డ్ రిజిస్టర్ ఆఫ్ మెరైన్ స్పీసీస్’లో సరిచూడండి. జాతి తేలకపోతే కుటుంబం పేరు దగ్గరే ఆగండి. ఊహించి రాసిన పేరు కంటే అదే నయం.

ట్యాంకుతోనే అయిపోదు. విశాఖ హార్బర్‌లో 1960ల్లో స్థిరపడిన మైటిలోప్సిస్ సాలీ అనే ఆల్చిప్ప మనది కాదు. అమెరికా ఖండపు ఉష్ణ తీరాలది. ఇలాంటివి ఓడల అడుగున అతుక్కుని ప్రయాణిస్తాయి. రేవుల్లో సర్వేలకూ ఇదే చూపు కావాలి.

ఒక జాగ్రత్త. మన దేశంలో పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ప్రాక్టీసు కోసమని సముద్రంలోంచి పగడపు రాళ్లు తెచ్చుకోవద్దు. సముద్రం వెనక్కి తగ్గిన వేళ రుషికొండ, భీమిలి రాళ్ల మధ్య గుంటల్లో కనిపించేవాటిని ఫొటో తీసుకుంటే చాలు. వెళ్లే ముందు ఆటుపోట్ల వేళలు చూసుకోండి.