ఒక్క ఓటు బరువెంత?

కేరళ శాసనసభ చరిత్ర చెప్పే జవాబు

"మన ఒక్క ఓటు పడకపోతే ఏమవుతుందిలే!" పోలింగ్ రోజున చాలా ఇళ్లలో వినిపించే మాట ఇది. దుకాణం మూయడం ఇష్టం లేనివారు కొందరు. ఎండలో వరుసలో నిలబడలేమనే పెద్దలు కొందరు. పొరుగూరి నుంచి ఈ ఒక్క పనికోసం రావడం దేనికని ఆగిపోయేవారు మరికొందరు. లక్షకు పైగా ఓట్లు పోలయ్యే నియోజకవర్గంలో ఒక ఓటు ఏ మూలకు వస్తుందని అనిపించడం సహజమే. అయితే దీనికి జవాబు కోసం ఊహల్లోకి పోనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956 నవంబర్ 1వ తేదీనే పుట్టిన మరో రాష్ట్రం కేరళ. ఆ రాష్ట్ర శాసనసభ చరిత్రను ఒకసారి తిరగేస్తే చాలు.

అంచుమీద నిలిచిన సభ

1957లో కేరళ తొలి శాసనసభకు ఎన్నికలు జరిగాయి. మొత్తం 126 స్థానాల్లో కమ్యూనిస్టు పార్టీ 60 గెలిచింది. ఆ పార్టీ బలపరిచిన స్వతంత్రులు అయిదుగురు నెగ్గారు. ఇద్దరినీ కలిపితే 65. సగానికి రెండే ఎక్కువ! ఆ కొద్దిపాటి ఆధిక్యతతోనే ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ ముఖ్యమంత్రి అయ్యారు. విద్యా బిల్లు మీద, భూసంస్కరణల మీద రాష్ట్రంలో పెద్ద ఆందోళన రేగింది. సభలో మెజారిటీ ఉన్నప్పటికీ 1959 జూలై 31న కేంద్రం ఆ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసింది. ప్రభుత్వానికి బలం ఉన్నదీ లేనిదీ సభలోనే తేలాలి తప్ప రాజ్‌భవన్‌లో కాదని సుప్రీంకోర్టు బొమ్మై కేసులో తీర్పు చెప్పింది 1994లో. అంటే 35 ఏళ్ల తర్వాత.

1965 ఎన్నికలది మరో విడ్డూరం. అప్పటికి స్థానాలు 133 అయ్యాయి. ఏ పక్షానికీ మెజారిటీ రాలేదు. గెలిచినవారిలో చాలామంది అప్పటికి జైళ్లలో ఉన్నారు. చివరకు సభ ఒక్కసారి కూడా సమావేశం కాకుండానే రద్దయింది. అన్ని లక్షల మంది వేసిన ఓట్లతో ఎన్నికైన శాసనసభ్యులు సభలో అడుగైనా పెట్టలేకపోయారు. మళ్లీ ఎన్నికలు జరిగేవరకు, అంటే 1967 దాకా, రాష్ట్రపతి పాలనే సాగింది.

కోయా సాహెబ్ ప్రస్థానం

ఇలాంటి సభలో చిన్న పక్షాలకు విలువ పెరుగుతుంది. 1960 ఎన్నికల్లో ముస్లిం లీగ్ కాంగ్రెస్‌తో కలిసి పోటీచేసి 11 స్థానాలు గెలిచింది. అయినా మంత్రివర్గంలో చోటు దక్కలేదు, స్పీకర్ పదవి మాత్రం ఇచ్చారు. తొలుత కె.ఎం. సీతి సాహెబ్ స్పీకర్ అయ్యారు. 1961లో ఆయన మరణించాక ఆ స్థానంలోకి సి.హెచ్. మొహమ్మద్ కోయా వచ్చారు. అప్పటికి ఆయన వయస్సు 33 ఏళ్లే. లీగ్ సభ్యత్వం వదులుకుంటేనే ఆ కుర్చీ అన్నారు కాంగ్రెస్‌వారు. కోయా సాహెబ్ వదులుకున్నారు. కొద్ది నెలలకే ఆ కుర్చీని కూడా వదిలేశారు.

1967లో అదే కోయా సాహెబ్ విద్యాశాఖ మంత్రి అయ్యారు. ఆయన హయాంలోనే, 1968లో, కాలికట్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. చదువులో వెనుకబడిన మలబారు ప్రాంతానికి అది పెద్ద మేలు. 1979 అక్టోబర్ 12న ఆయన ముఖ్యమంత్రి పీఠమెక్కారు. సభలో మద్దతు నిలవక డిసెంబర్ 1న దిగిపోయారు. సుమారు 50 రోజుల ముఖ్యమంత్రి అన్నమాట! తర్వాత ఉపముఖ్యమంత్రిగా ఉంటూ 1983 సెప్టెంబర్‌లో మన హైదరాబాద్‌లోనే ఆయన కన్నుమూశారు.

ఇరువైపులా సమానం

ఒక ఓటు బరువు దేశమంతటికీ తెలిసింది 1981-82లో. అప్పటికి సభలో స్థానాలు 140. 1981 డిసెంబర్ 28న కె. కరుణాకరన్ ముఖ్యమంత్రి అయ్యారు. స్పీకర్‌ను పక్కనపెట్టి లెక్కవేస్తే అధికారపక్షం, ప్రతిపక్షం సరిసమానం. రాజ్యాంగం ప్రకారం స్పీకర్ మామూలుగా ఓటు వేయరాదు. ఓట్లు సమానమైనప్పుడు మాత్రం నిర్ణాయక ఓటు వేయవచ్చు. దీనినే కాస్టింగ్ ఓటు అంటారు. అప్పటి స్పీకర్ ఎ.సి. జోస్ పలుమార్లు ఆ ఓటు వేసి ప్రభుత్వాన్ని నిలబెట్టారు. చివరకు లోనప్పన్ నంబాడన్ అనే ఒకే ఒక్క సభ్యుడు అవతలికి వెళ్లిపోయాడు. అంతే, 1982 మార్చి 17న ప్రభుత్వం పడిపోయింది. ఒక ఓటు నిలబెట్టింది, ఒక ఓటు పడగొట్టింది.

పరవూరులో 123 ఓట్లు

ఆ వెంటనే మే నెలలో ఎన్నికలు వచ్చాయి. స్పీకర్ జోస్ పరవూరు నుంచి నిలబడ్డారు. దేశంలో ఓటింగ్ యంత్రాలను తొలిసారి వాడింది అక్కడే. మొత్తం 84 పోలింగ్ కేంద్రాలుంటే 50 కేంద్రాల్లో యంత్రాలు పెట్టారు. ఓటింగ్ యంత్రం తొలి నమూనాను 1979లో తయారుచేసింది హైదరాబాద్‌లోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ కావడం గమనార్హం.

యంత్రాలు వద్దని ముందుగా కోర్టుకెక్కింది కమ్యూనిస్టు అభ్యర్థి శివన్ పిళ్లై. తీరా లెక్కింపు పూర్తయ్యేసరికి గెలిచింది ఆయనే! ఆయనకు 30,450, జోస్‌కు 30,327 ఓట్లు వచ్చాయి. తేడా 123. ఇప్పుడు కోర్టుకెళ్లడం జోస్ వంతయింది. 1984 మార్చిలో జస్టిస్ ముర్తజా ఫజల్ అలీ సభ్యులుగా ఉన్న సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పింది. యంత్రంతో ఓటు వేయించడానికి చట్టంలో వీలులేదనీ, ఎన్నికల సంఘం తన అధికారంతో చట్టాన్ని మార్చలేదనీ స్పష్టం చేసింది. ఆ 50 కేంద్రాల్లో కాగితపు బ్యాలట్లతో మళ్లీ పోలింగ్ జరిగింది. ఈసారి జోస్ గెలిచారు. యంత్రాలకు వీలుకల్పించే చట్టసవరణ 1989 మార్చిలో అమలులోకి వచ్చింది. పరవూరు వివాదంలో వచ్చిన తీర్పు తర్వాతే దేశానికి ఈ చట్టం ఏర్పడింది.

89... 38...

ఇవన్నీ పాతకాలపు సంగతులని కొట్టిపారేయడానికి లేదు. 2016లో మంజేశ్వరంలో ముస్లిం లీగ్ అభ్యర్థి పి.బి. అబ్దుల్ రజాక్ గెలిచింది 89 ఓట్లతో. గల్ఫ్ దేశాల్లో ఉన్నవారి పేరుమీద, చనిపోయినవారి పేరుమీద దొంగ ఓట్లు పడ్డాయని ఓడిన అభ్యర్థి కోర్టుకెళ్లారు. కేసు తేలకముందే 2018లో అబ్దుల్ రజాక్ మరణించారు. ఆ మరుసటి ఏడు ఆ పిటిషన్‌ను ఉపసంహరించుకున్నారు.

2021లో పెరింతల్మణ్ణలో తేడా మరీ తక్కువ. ముస్లిం లీగ్‌కు చెందిన నజీబ్ కాంతపురం 38 ఓట్లతో గెలిచారు. ఓడిన కె.పి.ఎం. ముస్తఫా హైకోర్టుకు వెళ్లారు. వివాదమంతా చెల్లకుండాపోయిన 348 పోస్టల్ ఓట్ల గురించే. అధికారి సంతకం లేదన్న కారణంతో వాటిని పక్కన పెట్టారు. వృద్ధులు ఇంటివద్దనే వేసిన ఓట్లవి. 2024 ఆగస్టులో హైకోర్టు నజీబ్ ఎన్నిక చెల్లుతుందని తీర్పిచ్చింది. ఎవరు గెలవాలి, ఎవరు ఓడాలి అన్నది మన విషయం కాదు. ఓటు వేశామన్న తృప్తితో ఉన్న 348 మంది పెద్దల ఓట్లు లెక్కలోకి రాలేదు, బాధాకరం అది. తేడాయేమో 38!

మన చేతిలో ఉన్న పని

ఇంతకూ దీనివల్ల మనం నేర్చుకోవలసింది ఏమిటి? ఓటు పోలింగ్ రోజున మాత్రమే పోదు. అంతకుముందే, జాబితాలోనే పోతుంది. మన ఇళ్లలో ఈ ఇబ్బంది ఎక్కువ. ఒకే మనిషి పేరు ఒకచోట షేక్ మహబూబ్ బీ అని, మరోచోట మహబూబ్ బేగం అని ఉంటుంది. పెళ్లయి వెళ్లిన అమ్మాయి పేరు పుట్టింటి జాబితాలోనే మిగిలిపోతుంది. అద్దె ఇల్లు మారినవారి పేరు రెండుచోట్లా ఉండదు.

పోలింగ్ దగ్గరపడ్డాక చూసుకుందాం అనుకుంటే సమయం మించిపోతుంది. కొత్తగా పేరు చేర్చుకోవడానికి ఫారం 6, తప్పులు దిద్దుకోవడానికీ చిరునామా మార్చుకోవడానికీ ఫారం 8 ఇవ్వాలి. భారత పౌరసత్వం వదులుకోకుండా గల్ఫ్‌లో పనిచేస్తున్నవారు ఫారం 6ఏ ద్వారా సొంతూరి జాబితాలో చేరవచ్చు. కానీ ఓటు వేయాలంటే పాస్‌పోర్టుతో స్వయంగా రావాలి. 85 ఏళ్లు దాటినవారు, 40 శాతానికి తక్కువ కాని వైకల్యం ఉన్నవారు ముందుగా ఫారం 12డి ఇస్తే ఇంటివద్దే ఓటు వేయవచ్చు. అలా వేసేటప్పుడు, అధికారి సంతకం పడిందో లేదో ఇంట్లోని చదువుకున్న పిల్లలు అడిగి చూడాలి. పెరింతల్మణ్ణ పెద్దల ఓట్లకు పట్టిన గతి మన నానీమా ఓటుకు పట్టకూడదు కదా!

జుమా రోజున మగవారంతా ఇంటిపట్టున భోజనానికి కూర్చుంటారు. ఆ సమయంలోనే ఇంట్లో 18 ఏళ్లు నిండినవారు ఎందరు, జాబితాలో పేర్లున్నవారు ఎందరు అని ఒకసారి లెక్క చూసుకుందాం. రెండు సంఖ్యలకూ తేడా ఉంటే, సోమవారం చేయవలసిన మొదటి పని ఏదో మనకే తెలిసిపోతుంది.