మీ బండిని కంపెనీ వెనక్కి పిలిచిందేమో చూశారా?

2022 ఏప్రిల్ నెలలో నిజామాబాదు పట్టణంలోని ఒక ఇంట్లో, విద్యుత్ స్కూటరు నుంచి తీసిన బ్యాటరీని రాత్రి చార్జింగుకు పెట్టి ఇంటిల్లిపాదీ నిద్రపోయారు. తెల్లవారక ముందే అది పేలింది. ఆ గదిలో పడుకున్న వృద్ధుడు కాలిన గాయాలతో మరణించాడు. ఇంట్లో మరికొందరు కూడా గాయపడ్డారు. పోలీసులు కేసు నమోదు చేశారు. ఆ స్కూటరు తయారు చేసినది హైదరాబాదుకు చెందిన ప్యూర్ ఈవీ అనే సంస్థ. నిజామాబాదు, చెన్నై ప్రమాదాల తరువాత, అదే వారంలో, ఈట్రాన్స్ ప్లస్, ఈప్లూటో 7జి రకాలకు చెందిన 2,000 బండ్లను వెనక్కి పిలుస్తున్నామని ఆ సంస్థ ప్రకటించింది.

అప్పుడు ఆ సంస్థ ఇంకొక మాట కూడా చెప్పింది. ప్రమాదం జరిగిన బండి అమ్మకం గానీ, సర్వీసింగు గానీ తమ రికార్డులలో లేదనీ, అది చేతులు మారిన బండేమో డీలరును అడిగి తెలుసుకుంటున్నామనీ చెప్పింది. ఆ మాట సంగతి అలా ఉంచి, ప్రియ పాఠకులారా, మన ఇంటి ముందున్న బండి గురించి ఆలోచించుదాం. అది ఎవరి పేరున ఉంది? కంపెనీవారు రేపు ఒక హెచ్చరిక ఉత్తరం పంపితే అది ఎవరి ఇంటికి చేరుతుంది?

వెనక్కి పిలవడం అంటే ఏమిటి?

బండి అమ్మిన తరువాత అందులో ప్రాణానికి ముప్పు తెచ్చే లోపం ఉందని తెలిస్తే, కంపెనీ ఆ బండ్లన్నిటినీ షోరూముకు తెమ్మని కబురు పెడుతుంది. లోపమున్న భాగాన్ని డబ్బు తీసుకోకుండా మార్చి ఇస్తుంది. దీనినే రీకాల్ అంటారు. బండి మనదగ్గర నుంచి లాగేసుకుంటారని కొందరు భయపడతారు. అది నిజం కాదు. చాలాసార్లు కొన్ని గంటల పనితో బండి తిరిగి మన చేతికి వస్తుంది.

ఇది ఎక్కడో దూరదేశపు సంగతి కూడా కాదు. 2021 మే నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ ఇగ్నిషన్ కాయిల్ లోపం కారణంగా 2,36,966 మోటారు సైకిళ్లను వెనక్కి పిలిచింది. 2023 జూలైలో మారుతి సంస్థ 87,599 ఈకో, ఎస్‌ప్రెసో బండ్లను పిలిచింది. వాటి స్టీరింగుకు చెందిన టై రాడ్డు విరిగే అవకాశం ఉందన్నది కారణం. ఈకో మన పల్లెలకు కొత్త బండి కాదు. పెండ్లికి, ఆసుపత్రికి, కూటములకు పదిమందిమి దానిలోనే సర్దుకొని పోతుంటాము. స్టీరింగు పట్టు తప్పితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

పాత బండ్ల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. జపాను దేశపు టకాటా కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగులలో, ఏళ్ల తరబడి ఎండకు, తేమకు లోపలి మందు పాడై, ప్రమాద సమయంలో లోహపు ముక్కలు చిమ్మి మనుషులను చంపాయి. ప్రపంచమంతటా దాదాపు పది కోట్ల పరికరాలను మార్చవలసి వచ్చింది. ఆ కంపెనీ 2017లో దివాలా తీసింది. కారు కొన్న రోజున బాగున్నది పదేళ్లకు అపాయమైంది.

చట్టం ఏమంటున్నది?

మన దేశంలో 2012 నుంచి కంపెనీలు తమంతట తామే ఇలా పిలిచే పద్ధతి ఉండేది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, లోపమున్న బండ్లను వెనక్కి పిలవమని ఆదేశించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చారు. దాని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. అవి ఏడేళ్లలోపు బండ్లకు వర్తిస్తాయి. కంపెనీ తనంతట తాను పిలవక, ప్రభుత్వమే పిలిపించవలసి వస్తే 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా ఉంటుంది. కొన్నవారు తమ ఫిర్యాదును వాహన్ వెబ్‌సైటులో నమోదు చేయవచ్చు.

అయితే చట్టం ఎంత గట్టిదైనా, కబురు చేరకపోతే ప్రయోజనం లేదు. మన ప్రాంతంలో బండి ఒకరు కొంటారు, బావమరిదికి ఇస్తారు, ఆయన ఇంకొకరికి అమ్ముతారు. ఆర్.సి. మాత్రం మొదటివాని పేరునే ఉంటుంది. బోధన్ దాటితే మహారాష్ట్ర. అటు బండ్లు ఇటు, ఇటు బండ్లు అటు చేతులు మారుతూనే ఉంటాయి. ఫోను నంబర్లు కూడా మారిపోతాయి. హెచ్చరిక బయలుదేరుతుంది గాని, బండి నడిపేవాని చెవిన పడదు.

ఏమి చేయాలి?

మొదట, ఆర్.సి.లో ఉన్న చాసిస్ నంబరు రాసుకోండి. 17 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. మోటారు సైకిలుకైతే హ్యాండిల్ కింద, మెడ భాగంలో చెక్కి ఉంటుంది. రెండూ ఒకటేనా అని సరిచూసుకోండి.

రెండవది, ఆ నంబరుతో కంపెనీ షోరూములో అడగండి. "ఈ బండికి రీకాల్ ఏదైనా ఉన్నదా?" అన్న ఒక్క ప్రశ్న చాలు. చాలా కంపెనీల వెబ్‌సైట్లలో కూడా నంబరు కొట్టి చూడవచ్చు. సర్వీసింగు బయటి మెకానిక్ దగ్గర చేయించేవారు ఏడాదికి ఒకసారైనా ఇలా అడగాలి. ఎందుకంటే ఆ మెకానిక్‌కు కంపెనీ కబురు పంపదు.

మూడవది, పాత బండి కొంటే పేరు మార్పించుకోండి. ఒకే రాష్ట్రంలో అమ్మినవారు 14 రోజులలోగా తెలియజేయాలి. కొన్నవారు 30 రోజులలోగా దరఖాస్తు చేయాలి. ఈ ఖర్చును దండుగ అనుకోవద్దు. పేరుతో పాటు మీ ఫోను నంబరు కూడా షోరూములో మార్పించండి.

నాలుగవది, విద్యుత్ బండి ఉన్నవారు బ్యాటరీని పడకగదిలో, గుమ్మం దగ్గర చార్జింగుకు పెట్టవద్దు. నిజామాబాదు ఘటన జరిగిన కొద్ది రోజులకే విజయవాడలోనూ పడకగదిలో చార్జింగు పెట్టిన బ్యాటరీ పేలి ఇంటి యజమాని మరణించాడు. ఆ బండి కొని ఒక్క రోజే అయింది. ఇటువంటి బ్యాటరీలో చిన్న చిన్న సెల్లులు వందల సంఖ్యలో ఉంటాయి. ఒకటి వేడెక్కి పాడైతే ఆ వేడి పక్కదానికి, దాని నుంచి ఇంకొకదానికి పాకుతుంది. అందుకే మేల్కొని చూసేసరికి సమయం ఉండదు. కంపెనీ ఇచ్చిన చార్జరునే వాడండి. నడిపి వచ్చిన వెంటనే కాక, చల్లబడిన తరువాత పెట్టండి. ఉబ్బినా, వాసన వచ్చినా, నీట మునిగినా వాడక ఆపండి. పొగ కనిపిస్తే సామాను కోసం ఆగకుండా అందరూ బయటికి వచ్చి 101కు ఫోను చేయండి. 2022 ప్రమాదాల తరువాత ప్రభుత్వం బ్యాటరీ పరీక్షలను కఠినం చేసింది. ఆ నియమాలు 2022 డిసెంబరు 1 నుంచి, 2023 మార్చి 31 నుంచి రెండు విడతలుగా వచ్చాయి. అంతకు ముందు కొన్న బండ్లు ఇంకా తిరుగుతున్నాయన్నది మరువరాదు.

కంపెనీ చూడలేనివి

కొన్ని లోపాలకు ఏ కంపెనీ ఉత్తరం రాయదు. అరిగిన టైరు, పట్టని బ్రేకు, వెలగని వెనుక దీపం మన బాధ్యత. బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినా, మన రోడ్లపై ట్రాక్టరు ట్రాలీలు తగ్గలేదు. చెరకు, వరి, పసుపు అన్నీ వాటి మీదే పోతాయి. లోడు వెనుక దీపం కప్పబడి, ఎర్రని రిఫ్లెక్టరు లేకుండా చీకట్లో రోడ్డు పక్కన నిలిపిన ట్రాలీ, వెనుక వచ్చే మోటారు సైకిలువానికి కనిపించని గోడ. కొద్ది ఖర్చుతో దొరికే రిఫ్లెక్టరు స్టిక్కరు ఒక ఇంటిని నిలబెడుతుంది.

2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించారు. హెల్మెట్ లేక పోయినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారే. హెల్మెట్ నడిపేవానికి మాత్రమే అనుకొనే కుటుంబాలు ఈ అంకెను గుర్తుంచుకోవాలి.

తెలిసిన తరువాత

నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడిచే ఎద్దును గురించిన చట్టం ఉంది. ఎద్దు అనుకోకుండా ఒకరిని పొడిచి చంపితే యజమాని నిర్దోషి. కాని అది పొడిచేదని ముందే హెచ్చరిక అందినా కట్టివేయకపోతే, ఆ యజమాని దోషి. లోపం తెలిసీ దాచిన కంపెనీకి ఇది ఎంత వర్తిస్తుందో, కబురు అందినా "తరువాత చూద్దాంలే" అనుకొనే మనకూ అంతే వర్తిస్తుంది. బండిపై మనతో పాటు భార్యాబిడ్డలు ఎక్కుతారు. ఎదురుగా నడిచి వచ్చేవాడు ఎవరి బిడ్డో.

సంఘంలోని యౌవనస్థులకు ఒక పని. వచ్చే ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత అరగంట ఆగండి. ఫోను చూడటం రాని పెద్దల బండ్ల చాసిస్ నంబర్లు రాసుకొని, వారి పక్షాన కంపెనీలను అడిగి, జవాబు వారికి చదివి వినిపించండి. చర్చి ఆవరణలో నిలిపిన బండ్లలో ఒక్కదానికి రీకాల్ బయటపడినా, ఆ అరగంట వృథా కాదు.