బస్రా వెళ్ళిన కూలీ: యుద్ధపత్రాలను ఎట్లా చదవాలి?

తాతముత్తాతల్లో ఎవరైనా మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళారా అని వెతికేవాళ్ళు నాకు తెలిసిన ఉపాధ్యాయుల్లోనే నలుగురైదుగురు వున్నారు. వెతకటం మంచి పనే. కాని ఎందుకు వెతుకుతున్నామో తేల్చుకోకపోతే ఈ వెతుకులాట పెడదారి పడుతుంది. మాది వీరవంశమని చాటుకోవటానికి ఒక పతకం కావాలనుకునేవాళ్ళు ఒక పక్క. సామ్రాజ్యవాదుల దగ్గర జీతానికి కుదిరినవాళ్ళ చరిత్ర మనకెందుకని తోసిపుచ్చేవాళ్ళు ఇంకో పక్క. ఈ రెండో ధోరణి మన అభ్యుదయ శిబిరంలోనే ఎక్కువ. యుద్ధానికి వెళ్ళిన మనిషి ఏ పరిస్థితుల్లో వెళ్ళాడో, అక్కడ ఏ పని చేశాడో ఇద్దరికీ అక్కర్లేదు. అసలు తెలుసుకోవలసింది అదే.

మా ముత్తాతను మా పేటలో 'బస్రా తాత' అనేవాళ్ళు. ఆయన గురించి నేను చేసిన పరిశోధన చాలా చిన్నది. అయినా ఆ పద్ధతి మరికొందరికి పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

1

ముందు కొంత నేపథ్యం. పద్దెనిమిదో శతాబ్దంలో కంపెనీ సిపాయిలకు ఉత్తరాదిన 'తిలంగా' అనే పేరు వచ్చింది. 1857లో ఢిల్లీలో తిరగబడిన సిపాయిలను కూడా ఆ ఊరివాళ్ళు తిలంగాలనే పిలిచారు. వాళ్ళు తెలుగువాళ్ళు కాకపోయినా ఆ పేరు మాత్రం మనదే. అటువంటి తెలుగువాడు యుద్ధానికి పనికిరాడని తర్వాత తేల్చింది కూడా ఆ పాలకులే. 1885 నుంచి 1893 వరకు భారత సైన్యాధిపతిగా వున్న రాబర్ట్స్ కాలంలో 'యుద్ధజాతులు' అనే సిద్ధాంతం బలపడింది. మద్రాసు పటాలాలు తగ్గిపోయాయి, పంజాబు పటాలాలు పెరిగాయి. జాతి గుణాల్లో ఇరవై ముప్పయ్యేళ్ళకు మార్పు రాదు. మారింది పాలకుల అవసరం.

1914లో ఆ అవసరం మళ్ళీ మారింది. యుద్ధకాలంలో మన దేశం నుంచి చేర్చుకున్నవాళ్ళు సుమారు 14 లక్షల 40 వేలమంది. అందులో 8 లక్షల 77 వేలమంది పోరాడేవాళ్ళు, 5 లక్షల 63 వేలమంది పోరాడనివాళ్ళు. మద్రాసు రాష్ట్రం లెక్క విడిగా చూస్తే పోరాడేవాళ్ళు సుమారు 51 వేలు, పోరాడనివాళ్ళు సుమారు 41 వేలు. అంటే మన వైపు నుంచి వెళ్ళిన ప్రతి తొమ్మిదిమందిలో నలుగురు తుపాకీ కోసం వెళ్ళినవాళ్ళు కారు. మోతగాళ్ళు, కంచరగాడిదలు తోలేవాళ్ళు, వంటవాళ్ళు, పాకీపనివాళ్ళు, రోడ్డు కూలీలు. సైన్యం భాషలో వీళ్ళు 'ఫాలోయర్లు', వెంట నడిచేవాళ్ళు. వీళ్ళు లేకపోతే సైన్యం ఒక్క అడుగు వేయలేదనే సంగతిని ఆ మాట దాచిపెడుతుంది.

2

పరిశోధన ఇంట్లో మొదలు కావాలి. మా ఇంట్లో ఒక కంచు పతకం వుంది. ఒక వైపు అయిదో జార్జి బొమ్మ, రెండో వైపు గుర్రం మీద మనిషి. యుద్ధం తర్వాత ఇచ్చిన ఈ పతకాన్ని సిపాయిలకు వెండితో, లేబర్ కోర్ కూలీలకు కంచుతో పోశారు. వెండి పతకం రెండున్నర తులాలకు పైగా తూగుతుంది. కరువు వచ్చినప్పుడు, పిల్ల పెళ్ళి కుదిరినప్పుడు ఎన్ని వెండి పతకాలు కంసాలి కుంపట్లోకి వెళ్ళాయో! మా ముత్తాతది కంచు కాబట్టి మిగిలింది. ధర పలకకపోవటం వల్ల దక్కిన ఆధారం అది.

పతకం దొరికితే ముఖాలు చూసి వూరుకోకూడదు. అంచు చూడాలి. అంచు మీద ఇంగ్లీషు అక్షరాల్లో నంబరు, పేరు, దళం పేరు వుంటాయి. మా పతకం అంచు మీద లేబర్ కోర్ అని వుంది. అప్పటి నంబర్లు సైన్యమంతటికీ ఒకే వరసలో వేసినవి కావు, ఏ దళం నంబర్లు ఆ దళానివే. కాబట్టి నంబరునూ దళాన్నీ కలిపి చదవాలి.

పేరు విషయంలో మా తెలుగు చదువు అక్కరకొచ్చింది. తాళపత్రాలు పరిష్కరించేవాళ్ళు పాఠాంతరాలను ఎట్లా పోల్చి చూస్తారో గుమాస్తాలు రాసిన పేర్లను అట్లా చూడాలి. వెంకటస్వామి అనే పేరు ఇంగ్లీషులో నాలుగు రకాలుగా కనిపిస్తుంది. ఇంటిపేరు చాలాసార్లు వుండదు. తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా కలిస్తేగాని మనిషి తేలడు. జిల్లా దగ్గర కూడా జాగ్రత్త అవసరం. భీమవరం, తణుకు, నరసాపురం తాలూకాలు 1904 నుంచి 1925 దాకా కృష్ణా జిల్లాలో వుండేవి. పశ్చిమగోదావరి పేరుతో వెతికితే ఆ కాలపు కాగితాల్లో మా ఊరు దొరకదు.

ఇంట్లో దొరికే రెండో ఆధారం మాట. మా నాయనమ్మ తన మావ నోట విన్నవి నాకు చెప్పేది. "ఓడలోంచి మూటలు దించేవోళ్ళంట. కట్టలు పోసేవోళ్ళంట. ఎండకి ఇనపకమ్మి పట్టుకుంటే చెయ్యి అంటుకుపోయేదంట. ఎటు చూసినా ఖర్జూరం తోటలంట." ఈ మాటల్లోని క్రియలు చూడండి. దించటం, పోయటం, పట్టుకోవటం. కాల్చటం అన్న మాట ఎక్కడా లేదు. పతకం అంచు ఏం చెబుతున్నదో నాయనమ్మ మాట కూడా అదే చెబుతున్నది. రెండు ఆధారాలు ఒకదాన్నొకటి బలపరచటమంటే ఇదే.

3

ఇక బయటి పత్రాలు. పంజాబువాళ్ళకు మనకు లేని ఒక సౌకర్యం వుంది. 1919లో పంజాబు ప్రభుత్వం ఊరూరా తయారు చేయించిన జాబితాలు లాహోరు మ్యూజియంలో మిగిలాయి. సుమారు 3 లక్షల 20 వేలమంది వివరాలున్న ఆ పుటలను 2021లో కంప్యూటరుకెక్కించటం మొదలుపెట్టారు. మద్రాసు రాష్ట్రంవాళ్ళం ముక్కలు ఏరుకోవలసిందే. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో సైనికశాఖ దస్త్రాలు, లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు పత్రాలు, క్యూలోని అభిలేఖాగారంలో దళాల యుద్ధ దినచర్యలు వున్నాయి. నిజాం సైన్యంలో పనిచేసినవాళ్ళ కోసమైతే హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారం గడప తొక్కాలి.

కామన్వెల్త్ యుద్ధసమాధుల సంస్థ జాబితాను ఎవరైనా ఇంట్లో కూర్చుని చూడవచ్చు. కాని అది చనిపోయినవాళ్ళ జాబితా. తిరిగి వచ్చిన మా ముత్తాత అందులో వుండడు. చనిపోయినవాళ్ళకైనా న్యాయం జరిగిందా అంటే అదీ లేదు. 1929లో ఆవిష్కరించిన బస్రా స్మారకం మీద బ్రిటిషు సైనికుల పేర్లు, భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. మామూలు భారతీయ సిపాయిలను అంకెలుగా చూపించారు. కనీసం 1,16,000 మందిని పేరుతోగాని, అసలు ఏ విధంగాగాని స్మరించలేదని 2021లో ఆ సంస్థ నియమించిన సంఘమే నివేదిక ఇచ్చింది. వీళ్ళలో ఎక్కువమంది తూర్పు ఆఫ్రికావాళ్ళు, ఈజిప్టువాళ్ళు. చావులో కూడా వర్ణభేదం పాటించిన సామ్రాజ్యం అది.

4

పేరు దొరకనిచోట దళం చరిత్ర చదవాలి, దళం కూడా చిక్కకపోతే ఆ యుద్ధరంగం చరిత్ర చదవాలి. 1914 నవంబరులో భారత సైన్యం ఫావ్ దగ్గర దిగి బస్రాను పట్టుకుంది. అబాదాన్ నూనెను కాపాడుకోవటం అందుకు ముఖ్య కారణాల్లో ఒకటి. తర్వాత బాగ్దాద్ మీదికి దూసుకుపోయి, వెనక్కి తగ్గి, కూట్ పట్నంలో ముట్టడికి చిక్కింది. 1916 ఏప్రిల్ 29న సుమారు 13 వేలమంది తురుష్కులకు లొంగిపోయారు. దెబ్బ తినటానికి పెద్ద కారణం రవాణా లేకపోవటం. బస్రాలో సరైన రేవు లేదు, సరుకు ఓడలు రోజుల తరబడి నదిలో నిలిచిపోయేవి, ముందున్న సైన్యానికి తిండీ మందులూ అందేవి కావు. ఆ తర్వాతే కూలీ దళాలను పెద్ద ఎత్తున దించారు. జైళ్ళలోని ఖైదీలను కూడా దళాలుగా కట్టి పంపారు. రేవులు, రోడ్లు, రైలు మార్గాలు, వరద కట్టలు లేచాయి. 1917 మార్చి 11న బాగ్దాద్ చిక్కింది. చరిత్ర పుస్తకం సేనాని పేరు చెబుతుంది. ఆ విజయం కింద పరచిన మట్టిని మా నాయనమ్మ చెప్పిన మాటల్లో చూడవచ్చు.

మరి ఎందుకు వెళ్ళాడు? రాజభక్తి అని సర్కారు కాగితాలు అంటాయి. ఆ కాగితాలు రాసినవాడు జీతాల లెక్క కోసం, పై అధికారి మెప్పు కోసం రాశాడు. ఆ దృష్టితోనే వాటిని చదవాలి. సిపాయి జీతం నెలకు 11 రూపాయలు. యుద్ధకాలంలో ధరలు మండిపోయాయి. 1918లో మద్రాసు రాష్ట్రంలో చాలా చోట్ల జనం ధాన్యం కొట్లు దోచుకున్నారు. పాలేరుతనంలో అప్పు తీరని మనిషికి ఓడ ఎక్కటం రాజభక్తి కాదు, రైతు గుమ్మం దాటే దారి. నెలకింతని చేతికి జీతం ఇవ్వటమే మా పేటకు అప్పట్లో కొత్త.

5

ఈ అనుభవాన్ని సాహిత్యం పట్టించుకోవాలి. అభ్యుదయ రచయితల ఉద్యమ స్థాపకుల్లో ఒకరైన ముల్క్‌రాజ్ ఆనంద్ ఫ్రాన్సు కందకాల్లోని పంజాబు రైతు సిపాయి మీద ఇంగ్లీషులో నవల రాశాడు. కూట్‌లో బందీ అయిన శిశిర్ సర్వాధికారి తన అనుభవాలను 'అభి లే బగ్దాద్' పేరుతో బెంగాలీలో రాశాడు. రాధికా సింఘా కూలీల మీద రాసిన చరిత్ర గ్రంథం 2020లో వచ్చింది. మన భాషలో బస్రా వెళ్ళినవాళ్ళ కథలు ముసలివాళ్ళ నోళ్ళల్లో మిగిలాయి. ఆ ముసలివాళ్ళు కూడా వెళ్ళిపోతున్నారు.

ఈ వ్యాసం సంగతి విని మా బంధువు ఒకాయన, "సైనికుడని రాయరా, కూలీ అని రాస్తే మన పరువేం గాను" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. మనల్ని కూలీ అని పిలిచినవాళ్ళు ఆ మాటను తిట్టుగా వాడారు కాబట్టే అందులో మనకు సిగ్గు కనిపిస్తుంది. కాని తాతను సైనికుడిగా మారిస్తే ఆయన మోసిన బరువును మనమే చెరిపేసినవాళ్ళమవుతాం. వెండినీ కంచునూ వేరు చేసిన సర్కారు కొలతనే మనమూ ఒప్పుకున్నట్టవుతుంది. మా ముత్తాత పరాయి దేశంలో, పరాయివాళ్ళ యుద్ధంలో మట్టి మోశాడు. ఆ దేశాన్ని ఆక్రమించటానికి ఆ మట్టి పనికొచ్చింది. ఈ రెండూ నిజాలే. రెండింటినీ కలిపి రాయటమే మన పని. మీ ఇంట్లో పతకం వుంటే అంచు చదవండి, ముసలివాళ్ళుంటే ఇవాళే కూర్చోబెట్టి అడగండి. వాళ్ళు ఏ క్రియలు వాడతారో మాట మార్చకుండా రాసుకోండి.