ఒకటిన్నర గిగాబైట్ల దినబత్తెము

పూర్వము ఒక వస్తువును కొనుట, దానిని ఇంటికి తెచ్చుకొనుట అనునవి ఒకే పనిలో రెండు భాగములు. కంప్యూటరు ఆటల విషయమున ఈ రెండును విడిపోయినవి. ధర చెల్లించుట అర నిమిషపు పని. తెచ్చుకొనుటయే అసలు వ్యవహారము. ఫోను రీచార్జితో దినమునకు ఒకటిన్నర గిగాబైట్ల డేటా బత్తెముగా పొందు విద్యార్థిని పాఠకులు ఊహింతురు గాక. అతడు ఆ ఫోనునే హాట్‌స్పాట్‌గా చేసి ల్యాప్‌టాపునకు తగిలించును. 2023లో పూర్తిగా వెలువడిన ‘బాల్డర్స్ గేట్ 3’ అను ఆటకు 150 గిగాబైట్ల స్థలము కావలెనని దాని తయారీదారులే ప్రకటించినారు. దించుకొనునది అంతకు కొంత తగ్గినను, లెక్క ఇంచుమించు నూరు దినముల బత్తెము! ఆ నూరు దినములును ఆ ఫోనుపై ఎవ్వరును ఒక పాఠము వినరాదు, ఒక చిత్రము చూడరాదు. బత్తెము తీరిన పిమ్మట వేగము 64 కిలోబిట్లకు పడిపోవు పథకములు పెక్కు. ఆ వేగమున ఒక్క గిగాబైటు దిగుటకు దాదాపు 35 గంటలు పట్టును.

ఇంతటి భారము మొదటినుండియు లేదు. 1993 డిసెంబరు 10న వెలువడిన ‘డూమ్’ ఆటలో ఉచితముగా పంచిపెట్టిన తొలి భాగము రెండు ఫ్లాపీలలో ఇమిడినది. చేతులు మారుచు లోకమంతయు తిరిగినది. 2004లో ‘హాఫ్ లైఫ్ 2’ వచ్చునాటికి పద్ధతి మారినది. డిస్కు కొనినవాడు సైతము ‘స్టీమ్’ అను అంతర్జాల దుకాణమున నమోదు చేసికొననిదే ఆట తెరచుకొనలేదు. ఆ సంవత్సరముననే మన దేశపు బ్రాడ్‌బ్యాండు విధానము 256 కిలోబిట్ల వేగమును ‘బ్రాడ్‌బ్యాండు’ అని నిర్వచించినది. అటుపిమ్మట కొన్ని పథకములలో రాత్రి రెండు గంటలు మొదలు ఉదయము ఎనిమిది వరకు డేటాకు లెక్క ఉండెడిది కాదు. ఆ ఆరు గంటల కొరకు యంత్రమును మేలుకొలిపి తాము నిద్రించిన యువకులు తెలుగునాట ఎందరో! 2016 సెప్టెంబరు తరువాత డేటా చౌకయైనది. ఆటలును ఊరకుండలేదు. 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటరును ఐరోపాలో డిస్కులపై అమ్మదలచినవారికి పది డీవీడీలు కావలసివచ్చినవి.

ఒకమారు దించుకొన్నచో కష్టము తీరునా? తీరదు. అప్‌డేటు అనునది ఒకటి కలదు. తెలుగు చదివినవారికి దీనిని బోధించుట సులభము. గ్రంథమున ముద్రారాక్షసములు దొరలినచో తప్పొప్పుల పట్టికను అచ్చువేసి చివర అంటింతుము. గ్రంథమంతయు తిరిగి అచ్చువేసి పాఠకుని ఇంటికి బండిపై పంపము. ఆటల సవరణయు ఇట్లే ఉండవలెను. స్టీమ్ ప్రతి ఫైలును రమారమి ఒక మెగాబైటు చొప్పున తునకలుగా విభజించి, మారిన తునకలను మాత్రమే పంపును. ఏర్పాటు చక్కనిదే. కాని ఆట నిర్మాత బొమ్మలను, ధ్వనులను ఒకే మహాభాండమున కట్టి, ప్రతి సవరణకును లోపలి వరుసను తారుమారు చేసినచో, మారని తునక మిగులదు. ఒక తుపాకి రంగు దిద్దుటకై ఇరువది గిగాబైట్లు దింపవలసివచ్చును. అట్లు కట్టవలదని, మార్పులను ఒకచోటనే ఉంచుమని స్టీమ్ వారు నిర్మాతలకు వ్రాతపూర్వకముగనే సలహా ఇచ్చినారు. విన్నవారు కలరు, విననివారును కలరు.

వృథా అని నేననుట ఊరక కాదు. 2014 నాటి ‘టైటన్‌ఫాల్’ కంప్యూటరు ప్రతి 48 గిగాబైట్లు. అందు 35 గిగాబైట్లు కుదింపని ధ్వనియే. బలహీనమైన ప్రాసెసర్లకు ధ్వనిని విప్పు శ్రమ తప్పింపవలెనని అట్లు చేసినారట. ‘హెల్‌డైవర్స్ 2’ కథ మరింత విచిత్రము. పాత తిరుగుడు డిస్కులపై త్వరగా తెరచుకొనవలెనని ఒకే వస్తువును పలుచోట్ల ప్రతులుగా ఉంచి, ఆటను దాదాపు 154 గిగాబైట్లకు పెంచినారు. 2025 డిసెంబరులో ఆ నకళ్లను తొలగింపగా మిగిలినది 23 గిగాబైట్లు! వేగమునకు చెప్పుకోదగిన నష్టము కలుగలేదని వారే తెలిపినారు. ఆ నడుమ దానిని బత్తెపు డేటాతో దించుకొన్నవాడు మోసిన బరువు ఎవరి లెక్కలోనికి రాలేదు. 2004లో జర్మను యువకులు కొందరు ‘క్రీగర్’ అను తుపాకుల ఆటను 96 కిలోబైట్లలో ఇమిడ్చిరి. గోడలు, వెలుగులు, రాక్షసులు అన్నియు గణితసూత్రముల నుండి అప్పటికప్పుడు మొలచును. అందరును అట్లు వ్రాయవలెననుట న్యాయము కాదు గాని, మర్రివిత్తు ఎంతదో జ్ఞప్తికి తెచ్చుటకు ఆ ఆట చాలును.

మా కళాశాలలో ఒక బాలుడు ఉదయమున ల్యాప్‌టాపు తెరచి స్నానమునకు పోయినాడట. తిరిగివచ్చునప్పటికి ఆట తన సవరణను తానే దించుకొని ఆనాటి బత్తెమును మింగినది. ఆనాడు చెల్లెలి ప్రవేశపరీక్ష దరఖాస్తునకు చివరి దినము. “మండలకేంద్రానికి బస్సెక్కి నెట్ సెంటరులో నింపామండీ మాస్టారూ” అని నవ్వుచునే చెప్పినాడు. నాకు నవ్వు రాలేదు.

నివారణ లేకపోలేదు. స్టీమ్ సెట్టింగులలో సవరణలు ఏ వేళల నడుమ జరుగవలెనో నిర్ణయింపవచ్చును. ఒక్కొక్క ఆటకు ‘తెరచినప్పుడే సవరింపుము’ అని చెప్పవచ్చును. విండోస్‌లో ఆ హాట్‌స్పాట్‌ను ‘మీటర్డ్’ అని గుర్తించినచో విండోస్ తన సవరణలను చాలవరకు ఆపుకొనును; ఆటల దుకాణములకు మాత్రము వేరుగా చెప్పవలెను. అందరితో కూడి ఆడు ఆటలకు సవరణ తప్పదు, ఒంటరి ఆటలకు ఓపిక పట్టవచ్చును. భాషలు, మేలురకపు చిత్రములు విడిగా ఇచ్చుచోట వదలుకొనుట మేలు: 2017లో ‘ఫాల్అవుట్ 4’కు విడిగా ఇచ్చిన చిత్రసంపుటి ఒక్కటే 58 గిగాబైట్లు.

అన్నింటికన్న ఉత్తమమైనది మాత్రము తాళపత్రముల నాటి పద్ధతియే: ప్రతి వ్రాసికొనుట. హాస్టలులో ఒకడు దించిన ఆటను మరియొకడు హార్డు డిస్కుపై తెచ్చుకొని, సరియైన ఫోల్డరులో ఉంచి ‘ఇన్‌స్టాల్’ నొక్కినచో, స్టీమ్ ఉన్న ఫైళ్లను పోల్చిచూచుకొని కొరవడినవి మాత్రమే దించును. ఆట ఇరువురును కొనియుండవలెను సుమా! 2023 నుండి ఒకే రౌటరుపైనున్న రెండు యంత్రములు అంతర్జాల డేటా వ్యయము కాకుండ ఆటను ఒకదానినుండి ఒకటి తీసికొను వీలును కల్పించినారు. జీ.ఓ.జీ. అను దుకాణమువారు ఆటను పూర్తి ఇన్‌స్టాలరుగా ఇత్తురు. డేటా పుష్కలముగా ఉన్నచోట ఒకమారు దించి దాచుకొన్నచో తరువాత అంతర్జాలముతో పనిలేదు.

దుకాణపు పుటలో ఆటకు ఎంత స్థలము, ఏ ప్రాసెసరు కావలెనో వ్రాయుదురు. ఏడాదికి ఎన్ని గిగాబైట్ల సవరణలను పంపెదరో మాత్రము ధర ప్రక్కన ఎక్కడను వ్రాయరు.